‘ఈ జామాయిల్ చూడ్డానికా ఇంత దూరం?’.. అమ్మతో కొడైకెనాల్‌లో మూడు రోజులు

ఘాట్ రోడ్డెక్కి గంట దాటింది. ఏప్రిల్ చివరి వారం. ‘ఇక్కడ గడప దాటలేకపోతున్నాం’ అని పొద్దున్నే నాన్న కనిగిరి పక్కన మా ఊరి నుంచి ఫోన్ చేశారు. ఇక్కడేమో కారు అద్దం దించితే చల్లగాలి ముఖాన కొడుతోంది. ఒక మలుపులో రోడ్డుకి రెండు వైపులా ఆకాశాన్ని అంటే తెల్లటి మాన్లు. నేను ఫోన్ బయటికి పెట్టి వీడియో మొదలెట్టా.

‘‘అమ్మా, చూడు చూడు.. ఎంతెంత చెట్లో!’’

అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసింది.

‘‘ఇది జామాయిలేగా! మన పక్క చేలో లేదా? దీన్ని చూడ్డానికా నన్ను ఇంత దూరం తీసుకొచ్చావ్?’’

వీడియోలో ఆ మాట కూడా రికార్డయింది. మొదట నవ్వొచ్చింది. కానీ తర్వాత మూడు రోజులూ కొడైకెనాల్‌లో నేను చూసిన ప్రతిదాని వెనకా ఆ ప్రశ్నే తిరిగింది. అందుకే ఈ ఊరి గురించి అమ్మ చూసినట్టే రాస్తున్నా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాకు ఊళ్ళో ఖాళీగా ఉన్న రెండెకరాల్లో జామాయిల్ పెడదామని నాన్న ఆరు నెలలుగా అంటున్నారు. రెండేళ్ళుగా కంది చేతికి రాలేదు. జామాయిల్ అయితే కూలీల కోసం తిరగక్కర్లేదు, మందులు కొట్టక్కర్లేదు, నాలుగేళ్ళకోసారి నరికి కాగితం మిల్లుకి పంపిస్తే చాలు. అమ్మకి ఇష్టం లేదు. ‘చుట్టూ జామాయిల్ వేశాకే మా పెదనాన్న బావి ఎండింది’ అంటుంది. ‘వానలు పడకపోతే ఎండింది, చెట్టేం చేసింది?’ అంటారు నాన్న. ఈ గొడవ నుంచి అమ్మకి నాలుగు రోజులు తెరిపి ఇద్దామనే నేనీ ట్రిప్ వేసింది. తీరా వచ్చాక మొదటి మలుపులోనే జామాయిల్ ఎదురైంది!

ముందు ఈ-పాస్, తర్వాతే కొండ

మీ సొంత బండిలోనో అద్దె కారులోనో వెళ్తుంటే కొడైకెనాల్‌కి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకీ, కొడైకీ ఇది మొదలైంది. ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే ఉచితంగానే వస్తుంది. 2025 వేసవిలో బండ్లకి పరిమితి కూడా పెట్టారు. మామూలు రోజుల్లో 4,000, శని ఆదివారాల్లో 6,000. ప్రభుత్వ బస్సులో వెళ్ళేవాళ్ళకి పాస్ గొడవ లేదు.

ఇంకో రూల్ ఉంది. అయిదు లీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు కొండ మీదికి తీసుకెళ్ళకూడదు. చెక్‌పోస్టులో ఆపి చూస్తారు. మా అమ్మ ఇంటి నుంచి స్టీలు మరచెంబు తెచ్చుకుంది కాబట్టి దర్జాగా చూపించింది. నా సీసా మాత్రం అక్కడే వదిలేయాల్సి వచ్చింది.

మా డ్రైవర్‌ది కొండ కింద ఉన్న వత్తలగుండు. నేను నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కలతో తంటాలు పడుతుంటే, ఆయన అద్దంలోంచి చూసి ‘‘తెలుగులోనే చెప్పండి మేడం, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే’’ అన్నారు. దిండిగల్, తేని జిల్లాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ‘‘సదివేదానికి రాదు, మాట్లాడేదానికి వస్తుంది’’ అన్నారు నవ్వుతూ. ఆ క్షణం నుంచి నాకు పని తప్పింది. అమ్మ, ఆయన పంటల గురించి, పిల్లల చదువుల గురించి ఆగకుండా మాట్లాడుకున్నారు.

సరస్సు కాదు, చెరువు

కొడైకెనాల్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఊరి మధ్యలో ఉన్న లేక్. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తులో, అరవై ఎకరాల్లో, నక్షత్రం ఆకారంలో చేతులు చాపుకుని ఉంటుంది. చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల రోడ్డు. సైకిళ్ళు అద్దెకిస్తారు, గుర్రాలు ఉంటాయి, పెడల్ బోట్లు, తెడ్ల పడవలు ఉంటాయి. పొద్దున ఏడు లోపు వెళ్తే నీళ్ళ మీద పొగమంచు పాకుతూ కనిపిస్తుంది. పదకొండు దాటితే మొక్కజొన్న కంకుల పొగ, హారన్లు, సెల్ఫీ స్టిక్కులు.

మేం తెడ్ల పడవ ఎక్కాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి, పెడల్ తొక్కలేదు. పడవ మధ్యకి వెళ్ళాక నేను ఫోన్లో చదివింది చెప్పా. ఈ సరస్సు దేవుడిచ్చింది కాదు. 1845లో మదురై నుంచి అమెరికన్ మిషనరీలు మైదానాల జ్వరాలు తట్టుకోలేక ఈ కొండ మీదికొచ్చి బంగళాలు కట్టుకున్నారు. తర్వాత 1863లో, మదురై కలెక్టర్‌గా పనిచేసిన వెరె హెన్రీ లెవింజ్ ఇక్కడి వాగులకి అడ్డంగా కట్ట వేయించి ఈ సరస్సు చేశాడు. చేపలు వదిలించాడు. మొదటి పడవ తూత్తుకుడి నుంచి తెప్పించాడు. అప్పటికి ఘాట్ రోడ్డే లేదు. మనుషులు నడిచి ఎక్కాలి, లేదంటే కూలీల భుజాల మీద రావాలి.

అమ్మ అంతా విని ‘‘అయితే ఇది చెరువేగా!’’ అంది.

లేక్ అనుకుని వచ్చిన నాకు అదేదో తగ్గించినట్టు అనిపించింది. ఆమెకి మాత్రం చెరువు అనగానే లెక్క వేరే. వెంటనే రెండు ప్రశ్నలు అడిగింది. ‘‘కట్ట ఎక్కడుంది? అలుగు ఎటు పోద్ది?’’

కట్ట సరే, దాని మీద ఇప్పుడు రోడ్డుంది. అలుగు గురించి నాకు తెలీదు. సాయంత్రం డ్రైవర్‌ని అడిగితే ‘‘వచ్చేటప్పుడు చూసినాం కదమ్మా, సిల్వర్ కాస్కేడ్. ఈ చెరువు నీళ్ళే అవి’’ అన్నారు.

ఊరికి 8 కిలోమీటర్ల ముందు, ఘాట్ రోడ్డు మలుపులో ఉన్న ఆ జలపాతం దగ్గర అందరిలాగే మేమూ ఆగాం. 180 అడుగుల నల్లటి రాతిగోడ. మేం చూసినప్పుడు మాత్రం ఒక పక్కన సన్నటి ధార జారుతోంది, అంతే. ఫొటోల్లో చూసిన వెండి తెర ఏదీ అని నాకు నిరాశ కలిగింది. కొడై లేక్ నిండి పొర్లితేనే ఆ జలపాతం! అంటే జలపాతం పేరుతో మనం ఫొటో దిగేది ఒక చెరువు అలుగు దగ్గర. ‘‘అలుగు అంత సన్నగా పారిందంటే చెరువులోకి పైనుంచి నీళ్ళు రావట్లేదని’’ అంది అమ్మ. ఎండాకాలం కదా అన్నాను. ‘‘ఎండాకాలమే. కానీ కొండ మీద కూడానా?’’ అంది.

మర్నాడు పొద్దున దానికి జవాబు మా బస ముందే నిలబడింది. నీళ్ళ ట్యాంకర్. పైపు పెట్టి సంపు నింపుతున్నారు. వేసవిలో గదులన్నీ నిండితే ఇలా కొనాల్సిందేనని అక్కడ పనిచేసే కుర్రాడు చెప్పాడు. ‘‘కొండ పైన ఉండి నీళ్ళు కొనుక్కుంటారా?’’ అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆ తర్వాత నేను స్నానానికి వెళ్తుంటే ‘‘ఒక్క బకెట్టే’’ అని హెచ్చరించింది.

చూసినవి, చూడనివి

రెండో రోజు అందరూ తిరిగే చోట్లన్నీ తిరిగాం. పొద్దున్నే కోకర్స్ వాక్. 1872లో కోకర్ అనే అధికారి కొండ అంచున వేయించిన కిలోమీటరు కాలిబాట. ఒక పక్క ఊరు, ఇంకో పక్క లోయ. అమ్మ మోకాళ్ళకి కూడా సరిపోయే నడక. అక్కడ నిలబడితే మబ్బు మన కాళ్ళ కింద కదులుతుంది. అయిదు నిమిషాలు మైదానమంతా బొమ్మల కొలువులా కనిపించింది, ఆరో నిమిషంలో ఏమీ లేదు, తెల్ల దుప్పటి కప్పేసినట్టు అంతా మంచు. ‘‘ఎవరో తలుపేసినట్టు లేదూ!’’ అంది అమ్మ. మూడు రోజుల్లో ఆమె మెచ్చుకుంటూ అన్న మొదటి మాట అదే.

తర్వాత పిల్లర్ రాక్స్. దాదాపు 400 అడుగుల ఎత్తున మూడు రాతి స్తంభాలు భుజం భుజం కలిపి నిలబడి ఉంటాయి. మబ్బు తొలగేదాకా ఓపిక పట్టాలి. మాకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ దారిలోనే గుణ గుహలు. బ్రిటిష్‌వాళ్ళు డెవిల్స్ కిచెన్ అన్న ఈ చోటుకి 1991లో వచ్చిన కమల్ హాసన్ ‘గుణ’ సినిమాతో పేరు మారిపోయింది. 2024లో ‘మంజుమ్మెల్ బాయ్స్’ వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. మన దగ్గర తెలుగులోనూ ఆడింది కదా! 2006లో కేరళ నుంచి వచ్చిన స్నేహితుల్లో ఒకరు ఇక్కడి లోతైన గోతిలో పడిపోతే, ఇంకో స్నేహితుడు తాడుతో దిగి పైకి తెచ్చిన నిజమైన కథ అది. ఇప్పుడు గుహల్లోకి వెళ్ళనివ్వరు, ఇనుప కంచె ఉంది. మేం వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు కంచె మీదికి సగం ఎక్కి రీల్ తీయిస్తున్నాడు. అమ్మ ఆగి, తెలుగులోనే, ‘‘ఏయ్ బాబూ, దిగు! మీ అమ్మకి ఒక్కడివేనా?’’ అని గట్టిగా అరిచింది. భాష అర్థమైందో లేదో తెలీదు, దిగాడు. సినిమాలో అయితే స్నేహితుడు పైకి తెస్తాడు. అక్కడ పడినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

గుణ గుహల బయట నేల మీద పాముల్లా అల్లుకున్న వేర్లు ఉంటాయి. అందరూ వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం. ‘‘ఇవి ఏం చెట్లు?’’ అని అమ్మ అడిగితే ‘‘షోలా’’ అన్నారు డ్రైవర్. ‘‘ఈ కొండది అంటే ఇదే అమ్మా. తక్కినదంతా తెచ్చి పెట్టినది.’’

ఆ మాట వెంటనే అర్థం కాలేదు. పైన్ ఫారెస్ట్‌కి వెళ్ళాక అర్థమైంది. అది కొడైలో మోస్ట్ ఇన్‌స్టాగ్రామబుల్ స్పాట్. నిటారుగా వరసల్లో నిలబడ్డ చెట్లు, మధ్యలోంచి వాలే వెలుతురు. నాకు ఊపిరి ఆగినంత పనైంది. అమ్మ కింద చూస్తోంది. నేలంతా ఎండు సూదుల్లాంటి ఆకుల పరుపు. ‘‘ఒక్క గడ్డి పరక లేదు చూడు. మేక వచ్చినా ఏం మేస్తది? పిట్ట అరుపు కూడా లేదు’’ అంది. నిజమే. అంత జనం గోలలో నేను గమనించలేదు. ఈ పైన్ తోటని 20వ శతాబ్దం మొదట్లో నాటించింది బ్రయంట్ అనే అటవీ అధికారి. ఊళ్ళో లేక్ పక్కనున్న బ్రయంట్ పార్క్ ఆయన పేరు మీదే ఉంది. మే నెలలో పూల ప్రదర్శన జరిగేది అక్కడే.

కొండ కట్టుకున్న అసలు చీర

కొడైకెనాల్ ఉన్న పళని కొండలు, ఊటీ ఉన్న నీలగిరులు, మున్నార్ వైపు కొండలు.. వీటన్నిటి మీదా ఒకప్పుడు రెండే కనిపించేవి. పైనంతా గడ్డి మైదానం, రెండు కొండల మధ్య మడతల్లో గుబురుగా షోలా అడవి. షోలా చెట్లు పొట్టిగా, గుండ్రటి తలలతో, ఒళ్ళంతా నాచుతో ఉంటాయి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వాన పడితే గడ్డి వేర్లూ, షోలా కింద మెత్తటి నేలా స్పాంజిలా పీల్చుకుని, వాన వెలిశాక కూడా నెలల తరబడి బొట్టు బొట్టుగా వాగుల్లోకి వదులుతాయి. కొండ మీద ఏడాది పొడుగునా నీళ్ళు పారడం వెనక ఉన్న రహస్యం ఇదే.

దొరలకి గడ్డి మైదానం బీడులా కనిపించింది. వంటచెరకు కావాలి కాబట్టి ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్ తెచ్చారు. తోళ్ళు ఊనడానికి బెరడు కావాలి కాబట్టి అక్కడి నుంచే వాటిల్ తెచ్చారు. అది మన తుమ్మకి చుట్టం. కలప కోసం పైన్. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు కూడా ఆపలేదు, మిల్లుల కోసం ఇంకా ఎక్కువే నాటారు. ప్రతిదానికీ ఆ రోజుకి ఒక కారణం ఉంది. నాన్న చెప్పే కారణాల్లాంటివే.

ఇంకో విచిత్రం చూడండి. యూకలిప్టస్‌ని మనం తెలుగులో నీలగిరి చెట్టు అంటాం. జలుబు చేస్తే రాసుకునేది నీలగిరి తైలం. పేరు వింటే ఆ కొండల్లోనే పుట్టిందనుకుంటాం. అది అక్కడికి వలస వచ్చిన చెట్టు! నీలగిరుల్లో గడ్డి మైదానాల మీద ఆ చెట్లు నాటాక వాగుల్లో నీళ్ళు తగ్గాయని దశాబ్దాల పాటు కొలిచిన లెక్కలు కూడా ఉన్నాయి. గడ్డి కంటే ఆ చెట్టు తాగేది ఎక్కువ.

ఇదంతా రాత్రి ఫోన్లో చదివి అమ్మకి చెప్పాను. ‘నేను చెప్పలా!’ అంటుందనుకున్నా. అనలేదు. కాసేపాగి, ‘‘వాళ్ళకి కూడా అవసరమే వచ్చుంటది’’ అంది.

మూడో రోజు వట్టకనాల్ దారిలో ఒక షోలా ముక్కని దూరం నుంచి చూశాం. లోపల చీకటి, చల్లదనం, ఎక్కడో నీళ్ళ చప్పుడు. ‘‘ఇక్కడ పిట్టలున్నాయి’’ అంది అమ్మ వెంటనే. వాటిల్ తోటల్ని అన్నిచోట్లా ఒకేసారి నరికేయడమే మందు అని కూడా చెప్పలేం. కొన్నిచోట్ల ఆ చెట్ల నీడలోనే షోలా మొలకలు తిరిగి లేస్తున్నాయని ఇక్కడ పరిశోధించినవాళ్ళు గమనించారు. 2013 నుంచి ఈ కొండల్లో చాలా భాగం కొడైకెనాల్ వన్యప్రాణి అభయారణ్యం కింద ఉంది.

షోలా గురించి చెప్తూ పాంబార్ షోలాని వదలకూడదు. దాన్ని ఆనుకునే ఒకప్పుడు పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఉండేది. పాదరసం వ్యర్థాలు బయటపడటంతో స్థానికులు, కార్మికులు గొడవ చేశాక 2001లో మూతపడింది. 2015లో సోఫియా అష్రఫ్ చేసిన ‘కొడైకెనాల్ వోంట్’ ర్యాప్ వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. అది దీని గురించే. ఆ మర్నాటి ఏడాది మాజీ కార్మికులతో కంపెనీకి ఒప్పందం కుదిరింది. ఇది ఏ టూరిస్టు బోర్డు మీదా కనిపించదు.

వాన కోసం సూర్యుణ్ణి చూసిన చోటు

అమ్మకి బాగా నచ్చిన చోటు నేను అనుకోనిది. సోలార్ అబ్జర్వేటరీ. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీని వరస కరువులు పీడించాయి. 1876లో మొదలైన ధాత కరువు కథలు మన రాయలసీమలో ఇప్పటికీ చెప్తారు. అప్పట్లో మన జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. సూర్యుడిలో మార్పులకీ రుతుపవనాలకీ లింకు ఉందేమో తేల్చాలన్న ఆలోచన దాంతో బలపడింది. ఎత్తుగా, ఆకాశం తేటగా ఉండే చోటు కావాలని కొడైని ఎంచుకున్నారు. 1901 నుంచి ఇక్కడ సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నారు. సూర్యుడి మచ్చల్లో వాయువులు మధ్య నుంచి అంచులవైపు పారుతుంటాయని 1909లో జాన్ ఎవర్‌షెడ్ కనిపెట్టింది ఇక్కడే. దానికి ఎవర్‌షెడ్ ఎఫెక్ట్ అని ఆయన పేరే పెట్టారు. వందేళ్ళకు పైగా తీసిన సూర్యుడి ఫొటోలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి.

‘‘ఇంతకీ సూర్యుణ్ణి చూస్తే వాన సంగతి తెలిసిందా?’’ అని అడిగింది అమ్మ.

‘‘అంత తేలిగ్గా తెల్లేదమ్మా. సూర్యుడి గురించి మాత్రం చాలా తెలిసింది.’’

‘‘పోన్లే. వాన కోసం ఇంత కొండెక్కారు కదా’’ అంది. ఆ గోడల మీది నలుపు తెలుపు సూర్యుళ్ళని ఒక్కొక్కటే చూసుకుంటూ చాలాసేపు ఉంది.

వెల్లుల్లి వాసన

ఊరికి 20 కిలోమీటర్ల లోపే పూంబారై. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా చేలు, మధ్యలో రంగు రంగుల ఇళ్ళు. ఇక్కడి కొండ వెల్లుల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది. రోడ్డు పక్కన ఒకామె దగ్గర అమ్మ ఒక రెబ్బ ఒలిచి వాసన చూసి, కళ్ళు మూసుకుంది. ‘‘అబ్బ! ఘాటంటే ఇదీ.’’ ఇద్దరికీ భాష రాదు. అయినా బేరం పావుగంట నడిచింది. రెండు కిలోలు కొన్నాం. చివర్లో ఆమె ఇంకో గుప్పెడు కొసరు వేసింది. ఘాట్ రోడ్డులో అమ్మే చిన్న చిన్న కొండ అరటిపళ్ళు కూడా వదలకండి. పళని పంచామృతంలో వేసే విరూపాక్షి రకం ఇదే. చాక్లెట్లు ఆఫీసుకి కొన్నాను గానీ, మా ఇంట్లో మిగిలింది వెల్లుల్లి వాసనే.

కురింజి గుడి దగ్గర ఫోన్ కాల్

చివరిగా కురింజి ఆండవర్ గుడి. కురింజి అనేది గడ్డి మైదానాల్లో పన్నెండేళ్ళకోసారి పూసే నీలం పువ్వు. 2018లో పూసింది, మళ్ళీ 2030లో. పాత తమిళ సాహిత్యంలో కొండ ప్రాంతానికే ఆ పువ్వు పేరు. దాని దేవుడు మురుగన్. ఆయనకి ఈ గుడిని 1936లో కట్టించింది మన మతంలోకి వచ్చిన ఒక విదేశీ మహిళ. గడ్డి మైదానం ఉంటేనే ఆ పువ్వు. అది లేకపోతే 2030 వచ్చినా పూయడానికి చోటు ఉండదు.

గుడి నుంచి ఒక వైపు పళని, ఇంకో వైపు దూరంగా వైగై డ్యామ్ కనిపిస్తాయి. ఈ కొండల్లో పుట్టిన వాగులు ఒక పక్క వైగైలోకి, ఇంకో పక్క అమరావతి మీదుగా కావేరిలోకి చేరతాయి. డ్రైవర్ చెయ్యి చాపి, ‘‘అదో, అటువైపు మా ఊరమ్మా. ఇక్కడ వాగు పారితేనే అక్కడ మాకు పంట’’ అన్నారు.

అమ్మ కొంగు కప్పుకుని అటే చూస్తూ నిలబడింది. అప్పుడే నాన్న ఫోన్. నర్సరీ వాళ్ళు మొక్కలకి అడ్వాన్సు అడుగుతున్నారట. అమ్మ గొడవ పడుతుందనుకున్నాను.

‘‘ఏవండీ, ఇక్కడ కొండ మీదే ట్యాంకర్లతో నీళ్ళు పోయించుకుంటున్నారు’’ అంది మెల్లగా. ‘‘చెట్టుది తప్పని నేననట్లా. మీ ఇబ్బంది నాకు తెలుసు. కానీ ఒక్కసారి పెట్టాక మన మనవల దాకా తీయలేం. అడ్వాన్సు ఇవ్వమాకండి. నేనొచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం.’’

అటు నుంచి నాన్న ఏమన్నారో నాకు వినిపించలేదు. చాలాసేపు ఏమీ అనలేదనుకుంటా. తర్వాత అమ్మ ‘‘వెల్లుల్లి తెస్తున్నా’’ అని పెట్టేసింది.

ఈ ఏడు ఆ రెండెకరాల్లో ఒక ఎకరం మళ్ళీ కంది వేశారు. ఇంకో ఎకరం ఖాళీగానే ఉంది. అడ్వాన్సు మాత్రం ఇవ్వలేదు. నాన్న ఇంకా ఒప్పుకోలేదు, అమ్మ ఇంకా వదల్లేదు. 2030లో కురింజి పూసినప్పుడు ఇద్దర్నీ తీసుకెళ్తానని మాటిచ్చాను. ‘అప్పటికి ఆ అలుగు ఎట్లా పారుతుందో చూడాలి’ అంటోంది అమ్మ.

వెళ్ళాలనుకుంటే..

* హైదరాబాద్, విజయవాడ నుంచి రైల్లో మదురై వెళ్ళి అక్కడి నుంచి బస్సులో వెళ్ళొచ్చు. దగ్గరి స్టేషన్ కొడైకెనాల్ రోడ్, అక్కడి నుంచి కొండ పైకి సుమారు 80 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులున్నాయి. దగ్గరి విమానాశ్రయం మదురై, సుమారు 120 కిలోమీటర్లు.
* ఏప్రిల్, మే నెలల్లో రద్దీ బాగా ఎక్కువ. శని ఆదివారాలు తప్పిస్తే ఈ-పాస్ దొరకడం సులువు. చలి తట్టుకోగలిగితే డిసెంబరు, జనవరి బావుంటాయి.
* స్వెట్టర్‌తో పాటు ఒక స్టీలు నీళ్ళ సీసా పెట్టుకోండి.
* ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి. మా అమ్మ అయితే నిమ్మకాయ వాసన చూస్తూ ఎక్కేసింది.
* అమ్మానాన్నల్లో ఒకరినైనా తీసుకెళ్ళండి. మనకి కనిపించనివి వాళ్ళకి కనిపిస్తాయి.